పోటు వేళ

పొద్దున్న ఆరున్నరకి బస్సు నిన్ను క్రాబీలో దించేస్తుంది. నిన్న సాయంత్రం బ్యాంకాక్‌లో ఎక్కావు. దాదాపు పన్నెండు గంటలు ఏసీ చలికి ముడుచుకున్న మోకాళ్ళు చాపితే కలుక్కుమంటున్నాయి. వీపున బ్యాగు, కళ్ళ నిండా నిద్ర. రోడ్డు పక్కన ఒక తెల్ల ట్రక్కు ఆగి ఉంది, వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. సోంగ్‌తావ్ అంటారు దీన్ని, రెండు వరసలని అర్థం. "ఆవ్ నాంగ్, ఆవ్ నాంగ్" అని డ్రైవరు కేకేస్తున్నాడు, నువ్వు వెళ్ళే బీచ్ ఊరి పేరు. ఎక్కు. కాస్త జరిగి కూర్చో, కూరగాయల బుట్టతో ఒక ముసలమ్మ కూడా ఎక్కుతోంది.

పామాయిల్ తోటలు, రబ్బరు చెట్లు, మళ్ళీ పామాయిల్ తోటలు. ఏలూరు, అశ్వారావుపేట వైపు తిరిగిన కళ్ళకి ఇదంతా తెలిసిన పచ్చదనమే. తర్వాత ఒక మలుపు. నీ చెయ్యి దానంతటదే ముందున్న కమ్మీని పట్టుకుంటుంది.

సముద్రంలోంచి కొండలు నిటారుగా లేచి నిలబడ్డాయి. వాలు లేదు, మెట్టు లేదు, నీళ్ళలోంచి నేరుగా ఆకాశంలోకి. అంతా సున్నపురాయి. నెత్తిన చెట్లు, ఒంటి మీద నారింజ రంగు, నలుపు చారలు, జడల్లా వేలాడే రాళ్ళు. అడుగున చూడు. నీళ్ళు తాకే చోట, ఎవరో గొడ్డలి పెట్టి చుట్టూ నరికినట్టు, ప్రతి కొండకీ లోపలికి ఒక కోత. ఎవరు నరికారో! ట్రక్కు ఆగుతుంది. ఆ ప్రశ్న అక్కడే వదిలేసి దిగుతావు.

హాస్టల్లో చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళాలి. ఎనిమిది మంచాల గది, మేడ మంచం మీద పక్క నీది. కౌంటరు దగ్గర నల్లబల్ల మీద పైన వైఫై పాస్‌వర్డు, కింద సుద్దముక్కతో నాలుగు టైములు, పక్కన అంకెలు. పాస్‌వర్డు మాత్రం ఫోటో తీసుకుంటావు.

ఇది నవంబరు. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి ఈ ఒడ్డుని ఉతికి ఆరేసింది. ఇప్పుడు గాలి తిరిగింది. బీచ్‌కి వెళ్తే అండమాన్ సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. మన అండమాన్ దీవులు ఇదే సముద్రానికి అవతలి అంచు. విశాఖలో కెరటం విరిగిన చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తుంది. ఇక్కడ ఒడ్డున కూర్చున్నా పక్కవాళ్ళ గుసగుస వినిపిస్తోంది. మధ్యాహ్నం నీళ్ళు కాస్త వెనక్కి జరిగాయి. సాయంత్రానికి కాస్త ముందుకొచ్చాయి. నాలుగడుగుల తేడా, అంతే. ఇక్కడి సముద్రం కదలదు అని నీ మనసులో రాసేసుకుంటావు. ఆ మాట గుర్తు పెట్టుకో.

రెండో రోజు నుంచి ఒళ్ళు ఊరి లయలో పడుతుంది. తెల్లవారుజామున అజాన్‌తో మెలకువ వస్తుంది. థాయ్‌లాండ్ అంటే బంగారు గోపురాల బౌద్ధాలయాలే అనుకుని వచ్చావు. ఈ దక్షిణపు తీరంలో తలకి గుడ్డ చుట్టుకున్న అమ్మలు పొద్దున్నే అన్నం పొట్లాలు కడుతూ కనిపిస్తారు. రాత్రయ్యాక బండి మీద రొట్టె వేసే అతను పిండిముద్దని గాల్లోకి విసిరి విసిరి పల్చటి గుడ్డలా చేసేస్తాడు. అచ్చం మన పరోటా మాస్టరు చెయ్యే. ఇక్కడా దాన్ని రోటీ అనే అంటారు. మధ్యలో అరటిపండు ముక్కలు పెట్టి మడిచి, పైన చిక్కటి పాలు పోసి ఇస్తాడు. వేడిగా ఉండగానే తినెయ్యి.

మధ్యాహ్నం భోజనానికి బీచ్ రోడ్డు వదిలెయ్. వెనక సందులో రేకుల పంచ కింద ఒకావిడ మట్టి రోలు ముందేసుకుని కూర్చుంది. ఆ రోటి దగ్గరే కాసేపు నిలబడు. ముందు వెల్లుల్లి, ఎర్రగా ఉన్న చిన్న మిరపకాయలు. కొయ్య రోకలి రెండు దెబ్బలు. ఘాటు ముక్కుకి తగిలి కళ్ళు చెమరుస్తాయి. ఎండురొయ్యలు, తాటిబెల్లం, బారు చిక్కుళ్ళు తుంచి వేసింది. నిమ్మకాయ పిండింది, తొక్కతో సహా లోపల పడేసింది. చేపల ఊట రెండు చెంచాలు. చివర్లో పచ్చి బొప్పాయి కోరు. ఇప్పుడు దంచదు, ఎడమ చేత్తో గరిటె తిప్పుతూ కుడిచేత్తో మెత్తమెత్తగా ఒత్తుతుంది. పోక్, పోక్, పోక్. నీ వైపు చూసి "ఫెట్ మై?" అంటుంది. కారమా? అవునని తలూపుతావు. ఇంకో రెండు మిరపకాయలు పడతాయి. మనింట్లో రోటిపచ్చడి నూరేటప్పుడు అమ్మమ్మ మణికట్టు తిరిగినట్టే ఈవిడ మణికట్టూ తిరుగుతోంది. పక్క పొయ్యి మీద మాంసం వేగుతుంటే గుప్పెడు ఆకులు పడేసింది. ఆ వాసన నీకు తెలుసు. తులసి. గుళ్ళో తీర్థంతో తాకే ఆ వాసన వేడినూనెలోంచి లేస్తుంటే ఒక్క క్షణం ఎక్కడున్నావో అర్థం కాదు. ప్లేటు పుచ్చుకుని కూర్చో. ఇక్కడ నీకు తొందరేమీ లేదు.

మూడో రోజు బీచ్ చివర, కొండ మొదట్లో ఉన్న పాకల్లోకి వెళ్ళు. వెదురు మంచెల మీద పరుపులు వేసి, సముద్రం వైపు తెరిచి ఉంచారు. కాళ్ళు కడుగుతారు. పడుకో. మర్దన చేసే ఆమెకి యాభై ఏళ్ళుంటాయి. బొటనవేలు నీ అరికాలి మధ్యలో పెట్టి ఒంటి బరువంతా దాని మీద వేస్తుంది. బస్సులో బిగుసుకున్నదీ, దానికి ముందు ఏడాది పాటు కుర్చీలో బిగుసుకున్నదీ అక్కడెక్కడో ఉంది. అది ఆమె వేలికి దొరికింది. అబ్బా అంటావు. ఆమె అదే చోట ఆగి, నీ ఊపిరి దిగేదాకా ఒత్తి పట్టుకుంటుంది. 2019లో యునెస్కో ఈ మర్దనని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ జాబితా సంగతి నీ అరికాలికి తెలియదు. ఆ వేలు తెలుసు. పిలవాలంటే "పీ" అను. అక్కకీ, అన్నకీ ఆ ఒక్క మాటే. ఆమె నిన్ను "నోంగ్" అంటుంది, తమ్ముడికైనా చెల్లికైనా. మనలాగే వీళ్ళూ ముక్కూమొహం తెలియని మనిషితో ముందు వరస కలుపుతారు.

తిరిగొచ్చే దారిలో రోడ్డు వారన ఒక నీలం బోర్డు. పెద్ద కెరటం, పరుగెత్తుతున్న మనిషి, ఎత్తు వైపు బాణం. 26 డిసెంబరు 2004. పొద్దున్న సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కదిలింది. రెండు గంటలయ్యేసరికి ఆ నీళ్ళు ఈ ఒడ్డు మీద ఉన్నాయి. కెరటం రాకముందు సముద్రం దూరంగా వెనక్కి వెళ్ళిపోయింది. ఇదేం వింతని జనం చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు మార్గశిర పౌర్ణమి. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో పున్నమి స్నానానికి దిగినవాళ్ళలో కొందరు మళ్ళీ ఒడ్డెక్కలేదు. ఆ బాణం ఎటు చూపిస్తోందో ఒకసారి చూసుకుని నడువు. ఏ సముద్రపు ఊళ్ళో అయినా గదిలో సామాను పెట్టగానే చెయ్యాల్సిన పని అది.

నాలుగో రోజు, అయిదో రోజు గడిచింది కూడా తెలియదు. ఉయ్యాల, పుస్తకం, కొబ్బరిబొండం, నిద్ర. నీళ్ళు మాత్రం రోజూ కాస్త ఎక్కువ దూరం వెనక్కి పోతున్నాయి. ముందు పడవలు ఇసకలో కూర్చున్నాయి, తర్వాతి రోజు ఇంకో వరస పడవలు. చూస్తున్నావు. ఎందుకని అడగాలనిపించలేదు. రాత్రి చందమామ గదిలోకి వస్తోంది.

ఆరో రోజు పొద్దున అమ్మ ఫోను. "రేపు కార్తీక పౌర్ణమి నాన్నా. నువ్వు ఉపవాసాలేం ఉండక్కర్లేదు గానీ, పక్కనే సముద్రం ఉందన్నావు కదా, వీలుంటే ఒక దీపం పెట్టు. నీళ్ళ దగ్గర జాగ్రత్త." సరేనమ్మా అంటావు. రైలే బీచ్‌కి వెళ్ళడానికి తయారవుతున్నావు. కౌంటరు దాటుతూ నల్లబల్ల పక్కనుంచే వెళ్తావు.

రైలే దీవి కాదు, అయినా పడవే గతి. కొండలు రోడ్డుని రానివ్వలేదు. టికెట్టు కొని కూర్చో, ఎనిమిది మంది పోగయ్యాక పిలుస్తారు. చెప్పులు చేతిలో పట్టుకుని తొడల్లోతు నీళ్ళలో నడిచి పడవ ఎక్కాలి. పొడుగు తోక పడవ. కారుకో ట్రక్కుకో ఉండాల్సిన ఇంజను వెనక కొయ్య మీద నిలబెట్టి, దానికి వాసమంత పొడుగు కడ్డీ తగిలించి, కొసన చిన్న రెక్క పెట్టారు. లోతు తగ్గగానే పడవతను మొత్తం కడ్డీని నీళ్ళలోంచి పైకి లేపేస్తాడు. ముక్కుకి రంగు గుడ్డలు, పూలదండ. పడవలో ఉండే తల్లి మే యా నాంగ్‌కి కట్టినవి. ఆ ముక్కు మీద కాలు పెట్టకు.

పావుగంటలో రైలే. ముందు ప్రా నాంగ్ గుహకి వెళ్ళు. కొండ అడుగున అమ్మవారి చిన్న గుడి, చుట్టూ లింగాకారంలో చెక్కిన కొయ్యలు, చిన్నవీ పెద్దవీ, పదులకొద్దీ. వేటకి వెళ్ళే జాలర్లు ఈ అమ్మవారికి మొక్కుకుంటారు, క్షేమంగా తిరిగొస్తే తెచ్చి ఇస్తారు. మన ఒడ్డున గంగమ్మకి మొక్కుకున్నట్టే. కెమెరా కిందకి దించు, ఒక నిమిషం ఊరికే నిలబడు.

మూడున్నరకి పడమటి ఒడ్డు చివరికి వచ్చేసరికి సముద్రం లేదు. నిజంగానే లేదు. నీళ్ళుండాల్సిన చోట ముడతలు పడ్డ ఇసక, పీతల గుంటలు, పాచి పట్టిన రాళ్ళు. కొండ మలుపు చుట్టూ తిరిగి పక్క ఒడ్డు టోన్‌సాయ్‌కి జనం నడిచిపోతున్నారు. నువ్వూ నడుస్తావు. పది నిమిషాలు. ఎండ వీపున, తడి ఇసక పాదాల కింద, ఒక చిన్న పాప నీ ముందు గవ్వలు ఏరుతూ.

టోన్‌సాయ్ కొండ ఎక్కేవాళ్ళ ఊరు. ఒడ్డు మీదికి గొడుగులా వాలిన రాతి గోడ, దాని మీద బల్లుల్లా మనుషులు. ఒకమ్మాయి నీ తల మీద పాతిక అడుగుల ఎత్తున వెల్లకిలా వేలాడుతూ రాతిలో వేళ్ళు దూర్చడానికి చోటు వెతుకుతోంది. ఆమె తాడు తగిలించిన మేకు టైటానియంది. ఉప్పుగాలి ఇక్కడ ఉక్కు మేకుల్ని లోపల్లోపలే తినేసి, పైకి మామూలుగానే కనిపించేలా చేస్తుంది. అందుకని ఎక్కేవాళ్ళే డబ్బులు పోగేసుకుని ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చారు. చూస్తూ కూర్చుండిపోతావు. సూర్యుడు మునుగుతాడు. ఎవరో గిటారు తీశారు.

ఆరున్నర.

ఆవ్ నాంగ్ పడవ కావాలంటే రైలేకి తిరిగి వెళ్ళాలి. ఇక్కడి పడవలు వెళ్ళిపోయాయి. రెండు దారులున్నాయి. ఊరి వెనక కొండెక్కి దిగే అడవి బాట, అరగంట నడక, చెట్ల కింద అప్పుడే చీకటి. లేదంటే వచ్చిన దారి, పది నిమిషాలు. మూడు గంటల క్రితం ఆడుతూ పాడుతూ నడిచిన దారి.

ఏది?

మలుపు దగ్గర నీళ్ళు కనిపిస్తున్నాయి. చీలమండ లోతు ఉంటాయేమో. అవతల రైలే దీపాలు వెలిగాయి. అంత దగ్గరగా ఉన్నాయి. ఇటే వెళ్తావు.

మొదటి బండ. నీళ్ళు గోరువెచ్చగా, హాయిగా ఉన్నాయి. రెండో బండ. మోకాళ్ళు. రాళ్ళ మధ్య కాలువలాంటి చోటు దాటాలి, మధ్యాహ్నం లేని కాలువ. తొడలు. బ్యాగు నెత్తి మీదికి ఎత్తుకుంటావు. ఇంకో యాభై అడుగులే.

ఒక కెరటం. కెరటం కూడా కాదు, పెద్ద ఊపు. నిన్ను ఎత్తి రాతి మీదికి నెడుతుంది. ఎడమచెయ్యి ఆనిస్తావు. అరచెయ్యి మంట. రాతి నిండా ఆల్చిప్పలు, అంచులు బ్లేడుల్లా ఉన్నాయి. చేతిని లాక్కుంటావు. ఆ ఆల్చిప్పల్ని చూస్తావు. మొదటిసారి సరిగ్గా చూస్తావు.

అవి నీ భుజం ఎత్తున ఉన్నాయి. తల ఎత్తున ఉన్నాయి. తల దాటి ఉన్నాయి.

ఆల్చిప్ప నీళ్ళు అందని చోట బతకదు.

దాని పైన కొండకి కోత. ట్రక్కులోంచి చూసిన కోత. నరికిందెవరో ఇప్పుడు తెలిసింది.

ముందుకా, వెనక్కా?

ముందు దీపాలు. మధ్యలో నల్లటి నీళ్ళు. లోతు తెలియదు. అడుగున రాళ్ళు. చెయ్యి కారుతోంది.

ఇంకో ఊపు. ఒక చెప్పు పోయింది. దాని కోసం వంగకు. వంగకు!

వెనక్కి తిరుగు.

కాలువ. వచ్చేటప్పుడు తొడల దాకా ఉంది. ఇప్పుడు నడుము దాటింది. పాదం ఆనడం లేదు. ఆనింది. జారింది. ఊపు వచ్చినప్పుడు ఆగు. పోయినప్పుడు అడుగెయ్. ఆగు. అడుగు. ఆగు. రాతికి దూరంగా ఉండు, రాయి పట్టుకోవాలనిపిస్తుంది, పట్టుకోకు. బ్యాగు తడిస్తే తడవనీ. అడుగు. పాస్‌పోర్టు. పోనీ. అడుగు.

ఒడ్డు నుంచి టార్చి వెలుగు నీ మొహాన పడుతుంది.

"నోంగ్! నామ్ ఖున్! నామ్ ఖున్!"

ఆ వెలుగు కేసి నడువు. అంతే. అటే.

మోకాళ్ళు. చీలమండలు. ఇసక. కూర్చుండిపోతావు.

టార్చి పట్టుకున్నది ఒడ్డున చిన్న కొట్టు నడిపే ఆవిడ. కోప్పడుతోందో ఓదారుస్తోందో భాష తెలియక అర్థం కాదు. రెండూ అయి ఉంటాయి. సీసా నీళ్ళతో నీ అరచెయ్యి కడిగింది. అయోడిన్ పోసింది, నువ్వు అరిచేదాకా పోసింది. మణికట్టు వదల్లేదు. తర్వాత అరచెయ్యి నేలకి బోర్లించి పైకి ఎత్తి చూపించింది. నామ్ అంటే నీళ్ళు. ఖున్ అంటే పైకెక్కడం. చెయ్యి కిందకి దించింది. నామ్ లోంగ్. మన జాలర్లు పోటు, పాటు అనే రెండు మాటలూ అవే.

ఇంత తొందరగా ఎలా పెరిగిందని అడుగుతున్నావు కదూ. పోటు ఆరు గంటల పాటు ఒకే తీరుగా ఎక్కదు. నావికులు దాన్ని పన్నెండు వాటాలు వేస్తారు. తొలి గంటలో ఒక వాటా, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలోనూ మూడే, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి. నువ్వు ఇసక మీద నడిచింది అడుగంటిన వేళ. తిరిగి బయల్దేరింది సరిగ్గా నాలుగో గంటలో. విశాఖ ఒడ్డున పోటుకీ పాటుకీ మధ్య తేడా మీటరున్నర అటూఇటూ. ఇక్కడ పున్నమి, అమావాస్యలకి మనిషి నిలువెత్తు దాటుతుంది. నువ్వు ఊళ్ళోకి దిగిన రోజు నవమి. సూర్యుడు ఒక వైపు, చందమామ ఇంకో వైపు అడ్డంగా లాగుతూ ఒకరి బలం ఒకరు తగ్గించుకునే రోజులవి, అందుకే సముద్రం కదలనట్టు కనిపించింది. ఇవాళ చతుర్దశి. ఇద్దరూ ఒకే గీత మీదికి వచ్చి కలిసి లాగుతున్నారు. అమ్మ ఫోనులో చెప్పిన తిథిలోనే ఇదంతా ఉంది. నల్లబల్ల మీద సుద్దముక్కతో కూడా ఉంది.

ఎక్కేవాళ్ళు నలుగురు తలలకి దీపాలు కట్టుకుని రైలేకి బయల్దేరుతున్నారు. ఆవిడ నిన్ను వాళ్ళకి అప్పగించింది. ఒక పాత చెప్పుల జత నీ ముందు పెట్టింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అడవి బాటలో చెమట, దోమలు, వేళ్ళు తగిలి తడబాటు. ఎవరూ మాట్లాడరు. ముందున్న మనిషి మడమల మీద వెలుగు చూసుకుంటూ నడిచావు. అరగంటకి తూర్పు ఒడ్డు. పాటు వేళ బురదలో నిలబడి ఉండే మడచెట్లు ఇప్పుడు పీకల దాకా నీళ్ళలో ఉన్నాయి. పడమటి ఒడ్డుకి నడిచి ఆఖరి పడవల్లో ఒకటి ఎక్కావు. ముక్కుకి కట్టిన గుడ్డలు వెన్నెల్లో ఎగురుతున్నాయి. నీ మంచి చెయ్యి దానంతటదే అటు చాచుకుని, గుడ్డ కొసని ఒకసారి తాకింది.

హాస్టల్లో అందరూ పడుకున్నాక నల్లబల్ల ముందు నిలబడు. నాలుగు టైములు, నాలుగు అంకెలు. రేపటివి చేత్తో కాగితం మీద రాసుకో.

ఏడో రోజు ఊరంతా అరటి వాసన. థాయ్ చాంద్రమానంలో ఇది పన్నెండో నెల పున్నమి, లోయ్ క్రథోంగ్. చాలా ఏళ్ళు మన కార్తీక పౌర్ణమి రోజే పడుతుంది. కౌంటరు దగ్గరుండే పీ వరండాలో అరటిబోదె అడ్డంగా కోసి పెట్టింది, రెండంగుళాల మందం చక్రాలు. తెల్లటి గదులున్న ఆ కోత మీద నీరు ఊరుతోంది. అరటాకు చీలికలు మడిచి, పుల్లలు గుచ్చి, చుట్టూ రేకులు తీర్చింది. నీకూ ఒక చక్రం ఇచ్చింది. కట్టు కట్టిన చేత్తో మడత నిలవడం లేదు. ఆమె పట్టుకుంటే నువ్వు గుచ్చు. బంతిపూలు, మధ్యలో కొవ్వొత్తి, మూడు అగరొత్తులు, ఒక నాణెం. గోదావరి రేవుల్లో ఇవాళ అరటి దొప్పలో వత్తి వేసి వదులుతారని చెప్పాలని ఫోనులో అమ్మ పంపిన ఫోటో చూపిస్తావు. ఆమె ఫోను లాక్కుని దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎవరికి వదులుతారని అడిగింది.

"గంగమ్మకి."

"ఖోంఖా," అంది ఆమె. "ప్రా మే ఖోంఖా." ఆవిడే ఈవిడ. ఏడాదంతా నీళ్ళు వాడుకున్నాం, పాడు చేశాం, మన్నించమ్మా అని అడిగే పండగ ఇది. ఆ అడగడాన్ని "ఖో ఖమా" అంటారు. ఖమా మన క్షమే. ఎన్ని వందల ఏళ్ళ కింద ఏ పడవలెక్కి వెళ్ళాయో ఆ మాటలు! వాటిలో ఉప్పునీటి రుచి ఇంకా ఉందనిపిస్తుంది.

తొమ్మిదిన్నరకి ఒడ్డంతా జనం. కొవ్వొత్తులు వెలిగించి, నుదుటికి ఆనించి, నీళ్ళలో పెడుతున్నారు. నీళ్ళు వాటిని తీసుకోవడం లేదు. నాలుగడుగులు వెళ్ళడం, తిరిగి కాళ్ళ దగ్గరికే రావడం. పిల్లలు కేరింతలు కొడుతూ మళ్ళీ తోస్తున్నారు. పీ నీ వైపు చూసి, పెట్టవేం అన్నట్టు కళ్ళెగరేసింది. జేబులోంచి కాగితం తీసి చూపించు. పోటు ఇంకా ఎక్కుతోంది.

ఒడ్డు మెట్ల మీద కూర్చో. నీ అరటి క్రథోంగ్ ఒళ్ళో పెట్టుకో. మెట్టు మీద తడి గీత ఎక్కడుందో చూస్తూ ఉండు. జనం పల్చబడతారు. రొట్టె బండి వెళ్ళిపోతుంది. చందమామ నడినెత్తికి వస్తోంది. పదకొండు దాటాక ఒక కెరటం మెట్టుని తాకలేదు. తర్వాతది కూడా తాకలేదు.

"నామ్ లోంగ్," అంటావు. పీ లేచి నిలబడింది.

మోకాళ్ళ దాకా దిగు. అక్కడ చాలు. అరచేతి గాయానికి ఉప్పు తగిలి మండుతుంది, మండనీ. వదులు. అరటిచక్రం ఒకసారి ఊగి, చుట్టూ తిరిగి, నీ కాలికే వచ్చి తగిలింది. కదల్చకు. నీళ్ళు నీ పిక్కల వెనక నుంచి ఇసకని తొలుచుకుంటూ బయటికి పోతున్నాయి, మడమల కింద నేల జారడం తెలుస్తోంది. దీపం కాలిని వదిలింది. పడవల వరస దాటింది. కొండ నీడలోకి వెళ్ళి, కోత పక్క నుంచి మళ్ళీ కనిపించింది, ఇంకా వెలుగుతూ.